నలభై మూడు పేరు ముద్రలు

మా దీవిలో టపా మోసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ ఖూ తోసెంగ్ లాంటివాడు అంతకుముందు పుట్టలేదు, ఇక పుట్టడు. ఏరు పొంగి గేదెల్ని బెండుముక్కల్లా తేల్చుకుపోతున్న పూట, ఏటి అవతల కొండవాలంతా విసిరేసినట్టున్న నలభై మూడు ఇళ్ళకి నలభై మూడు రిజిస్టరు ఉత్తరాలు పంచాడు. ప్రతి రసీదు మీదా ఆయా ఇంటివాళ్ళ పేరు ముద్ర వేయించుకున్నాడు. పొద్దు వాలకుండానే బస్తీలో పోస్టాఫీసుకి తిరిగొచ్చేశాడు. అది కూడా గొప్ప కాదు. వచ్చినవాడి గుడ్డ బూట్లు తడవలేదు!

నవ్వకండి. పోస్టాఫీసు గోడకి సాక్ష్యం ఉండేది. పోస్టుమాస్టరు హిరాయామా దొర స్వహస్తాలతో మేకు కొట్టి తగిలించిన ప్రశంసాపత్రం. ‘వరదను లెక్కచేయని ఉద్యోగి’ అని పెద్ద అక్షరాలు. కింద తేదీ: ఆరో నెల, నాలుగు. జపాను తైషో చక్రవర్తి పోయిన మరుసటేడు.

ఆ బూట్ల సంగతికి మళ్ళీ వస్తాను. ముందు వెదుళ్ళు నరికిన రోజు గురించి చెప్పాలి.

ఏటి అవతలి ఆ ఊరి పేరు తెక్ఖా. తాతలనాడు రాళ్ళేరి, పాముల్ని తోలి, వెదురు నాటుకున్న వాలు అది. వెదురే వాళ్ళకి కూడు, వెదురే కొంప, వెదురే కట్నం కానుకలు. కాగితం ఒక్కటే లేదు. జపాను దొరలు వచ్చాక కాగితం లేని నేలంతా సర్కారుదని రాసుకున్నారు. రాసుకుని ముప్ఫై ఏళ్ళు కదలకుండా కూర్చున్నారు. ఇప్పుడేమో ఉద్యోగం చాలించిన దొరలు సొంత దేశం పోకుండా ఇక్కడే పాతుకుపోవాలని, వాళ్ళకి ఆ నేలల్ని చవగ్గా అంటగట్టడం మొదలెట్టారు. తెక్ఖా వాలు మొత్తం కురోకి అనే ముసలి పోలీసు అధికారి వాటాకొచ్చింది.

ఊరికి భూముల కచేరీ నుంచి నోటీసులు వచ్చాయి. ‘ఇది అందిన ఇరవై రోజుల్లో మీ అభ్యంతరం చెప్పుకోండి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే.’ జనం పాత శిస్తు చీటీలు, పెద్దల సమాధిరాళ్ళ మీది రాతల నకళ్ళు పోగేసుకుని, కాగితం అందిన పన్నెండో రోజున కచేరీకి పోయారు. కిటికీ వెనక గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

“మూడు రోజులు దాటింది. పొండి.”

రెండు రోజుల తర్వాత తెల్ల మేకులు, కొలత గొలుసులు, కత్తులు పట్టుకుని కూలీలు వచ్చారు. వెంట నడుముకి పొడుగుకత్తి వేలాడేసుకున్న ఠాణా పోలీసు దొర. మొదటి పొద బోంగ్‌ఛీది. ఆ పేరుకి మా భాషలో ‘సర్లే, పెంచుదాం’ అని అర్థం. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని విసుగెత్తిన తండ్రి పెట్టిన పేరు. ఆ ‘సర్లే పెంచుదాం’ యాభై ఏళ్ళు పెరిగి, మొగుణ్ణి పోగొట్టుకుని, ముగ్గురు పిల్లల్ని బొగ్గుగనులకి పంపి, ఒంటిచేత్తో ఊరిని గదమాయించే మనిషయింది. ఆ రోజు వెదురుగుబురుని రెండు చేతులా కావలించుకుని నిలబడింది.

“అత్తా, తప్పుకో. మాది కూలి,” అన్నాడు కత్తి పట్టుకున్నవాడు. పక్కూరివాడే.

“కూలా? మీ అమ్మ పాలు కూడా కూలికే తాగావుట్రా? దీని కింద మా మామగారి బొమికలున్నాయి. ముందు నన్ను నరుకు, తర్వాత దీన్ని నరుకుదువుగాని.”

“కాగితం నాలుగో తారీకున పుచ్చుకున్నావు. ముద్ర వేశావు. ఇరవై అయిదు రోజులు ఏం చేశావు ముసలీ?” అన్నాడు పోలీసు దొర.

“పదిహేనున వచ్చింది దొరా! పదిహేనున!”

అప్పుడే కాలిబాట మీద టకటక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఊళ్ళో పసిపిల్లక్కూడా తెలుసు. తోసెంగ్ నడుముకి వేలాడే ముద్రల దండ అది. సంచీ భుజాన, టోపీ నెత్తిన, ఎప్పటిలా పన్నెండు గంటల వేళకి వస్తున్నాడు. ఆ వేళకి వాడికి బోంగ్‌ఛీ ఇంట్లో చిలగడదుంప గంజి, ఉప్పు ముల్లంగి సిద్ధంగా ఉంటాయి. తల్లి లేనివాడని ఆరేళ్ళుగా పెడుతోంది.

“అదుగో, మా తోసెంగ్!” బోంగ్‌ఛీ మొహం వెలిగింది. “ఒరే నాయనా, ఆ కాగితం ఎప్పుడు తెచ్చావో ఈ దొరకి చెప్పరా. నీ మాటైతే వింటాడు, నీ నెత్తిన కూడా టోపీ ఉంది.”

అందరూ ఇటు తిరిగారు. తోసెంగ్ టోపీ అంచు తాకాడు. నోరు తెరిచాడు.

“రసీదులో ఏముంటే... అదే అత్తా,” అన్నాడు. “నాకింకా పంచాల్సినవి ఉన్నాయి.”

వెనక్కి తిరిగి నడిచాడు. పది అడుగులు పోయాడో లేదో వెదురు మీద మొదటి కత్తివేటు పడింది. వెదురు విరిగితే తుపాకీ పేలినట్టుంటుంది. తోసెంగ్ దండని పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు, అది మోగకుండా.

ఇక బూట్ల సంగతి. ఏరు దాటినవాడి బూట్లు తడుస్తాయి. దాటనివాడివి ఎందుకు తడుస్తాయండీ?

నేను ఇందాక కొట్టిన డప్పంతా ఉత్తిదే. ఆ నాలుగో తారీకున తోసెంగ్ ఏటి ఇవతలే, వేరుశెనగ పాయసం అమ్మే కొట్లో బల్ల మీద కూర్చున్నాడు. ముందు నలభై మూడు రసీదులు పేర్చుకున్నాడు. ఎర్ర సిరా డబ్బా మూత తీశాడు. దండ విప్పి ఒక్కో ముద్రా అద్ది, వాళ్ళ పేర్లు వాళ్ళ తరఫున తానే వేసేశాడు. రెండో గిన్నె చల్లారకముందే పని ముగిసింది. పరాక్రమం అంటే అదీ!

మరి ఊరి ముద్రలన్నీ వాడి దగ్గరెందుకున్నాయంటారా? మా వాళ్ళ తెలివి అది. రిజిస్టరు ఉత్తరానికి ఇంటివాళ్ళ ముద్ర పడాలి. మగాళ్ళు గనుల్లో, ఆడాళ్ళు కొండ మీద. ముద్ర కోసం టపావాడు వాలు ఎక్కి దిగి, మనిషి దొరక్క ఉత్తరాన్ని బస్తీకి తిరిగి మోసుకుపోతే, దానికోసం మళ్ళీ ఓ రోజు పని మానుకుని మనమే పోవాలి. మూడేళ్ళ కిందట బోంగ్‌ఛీ గడపగడపకీ తిరిగింది. “మనవాడేగా, వాడి దగ్గరే ఉంచుదాం. ఉత్తరం తేగానే వేసుకుంటాడు, చూరులో దోపి పోతాడు,” అంది. అందరూ ఇచ్చేశారు. చిటికెనవేలంత వెదురుకొయ్య ముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి పేరు. తలల్లో చిల్లి పొడిచి తాడుకి గుచ్చింది కూడా బోంగ్‌ఛీయే. పేరు రాయడం రాని మనిషికి ఆ ముద్రే నోరు. నలభై మూడు నోళ్ళని ఒక తాడుకి కట్టి టపావాడి మొలకి వేలాడదీశారు.

తోసెంగ్ దుర్మార్గుడా అంటే కాదు. ఉత్తరం ఆలస్యమైతే దొరల భాషలో సంజాయిషీ రాయాలి, ఒక రోజు జీతం పోతుంది. అంతకుముందు నెల తుఫానులో చెట్టు పడి దారి మూసుకుపోతే సంజాయిషీ రాశాడు. హిరాయామా దాన్ని వేళ్ళకొసలతో పట్టుకుని, “ఇది కారణం కాదు, సాకు,” అని అందరి ముందూ చించాడు. ఆ చిరిగిన చప్పుడు తోసెంగ్ చెవిలో ఉండిపోయింది. రెండు రోజుల్లో నీళ్ళు తీస్తాయి, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. ఏరు పదకొండు రోజులు తియ్యలేదు. పదిహేనున ఉత్తరాలు పంచుతుంటే బోంగ్‌ఛీ అడిగింది, “ఇవాళే వచ్చాయత్తా,” అన్నాడు. లోపల ఏముందో వాడికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. టపావాడికి లోపలి రాతతో ఏం పని?

ఇప్పుడు తెలిసింది.

వెదుళ్ళు నరికిన మర్నాడు మధ్యాహ్నం, వెదురుమొగ్గలు ఎండబెట్టే కళ్ళంలో ఊరు ఊరంతా కూడింది. మధ్యలో కాన్ మాస్టారు. ఆయన బడిపంతులు. రైతు సంఘం మీటింగులో మాట్లాడాడని దొరలు ఉద్యోగం ఊడబీకారు. అప్పట్నుంచి చేతిలో బెత్తం పోయి చట్టాల పుస్తకం వచ్చింది. భయం మాత్రం రెండూ పుట్టించేవి కావు, అంత మెతక మనిషి.

“ఒక్కటే ప్రశ్న,” అన్నాడు మాస్టారు. “పదిహేనున వచ్చిన కాగితం మీద నాలుగున ముద్ర ఎవరేశారు?”

“ముద్రలు పోగేసింది ఎవరు? బోంగ్‌ఛీ!” వెనకనుంచి ఒక గొంతు.

“అవును, ‘ఇవ్వండి ఇవ్వండి’ అని మా గడప అరగదీసింది.”

“కురోకి దొర నీకెంత భూమి ఇస్తానన్నాడే?”

“నా పొదే ముందు నరికార్రా గుడ్డివెధవల్లారా!” అంది బోంగ్‌ఛీ.

“నాటకం! నీ పొద నరికితే మాకు అనుమానం రాదని!”

బోంగ్‌ఛీ నడుం మీద చేతులేసుకుని చుట్టూ చూసింది. “సరే. తోసెంగ్‌ని అడుగుదామా? ముద్రలు వాడి మొలనే ఉన్నాయిగా?”

“వాణ్ణెందుకు ఇరికిస్తావు? వాడు గోడకి పటం కట్టించుకున్నవాడు. ఏరు ఈది ఉత్తరాలిచ్చినవాడు.”

“ఒరేయ్, ఏరు ఈదినవాడు నాలుగున ఇస్తే, మనకి పదిహేనున ఎలా అందాయిరా?” అన్నాడు మాస్టారు నెమ్మదిగా. ఎవరూ వినలేదు. కోపంలో ఉన్న జనానికి లెక్కలు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడంలాంటిది.

బోంగ్‌ఛీ మాత్రం విన్నది. విని వెంటనే, “వాణ్ణేమీ అనకండి,” అంది. “వాడు నా చేతి కూడు తిన్నవాడు. కచేరీవాళ్ళే ఏదో మాయ చేశారు. నా మీద అనుమానమైతే ప్రమాణం చేస్తా. కోణ్ణి తెండి.”

మా దగ్గర ప్రమాణమంటే మాటలతో అయ్యేది కాదు. గ్రామదేవర ముందు పుంజు తల నరికి, ‘నేను అబద్ధమాడితే నా గతీ ఇంతే’ అనాలి. అబద్ధమాడి కోణ్ణి నరికినవాడు ఏడాది తిరగడని నమ్మకం. బోంగ్‌ఛీ తన పుంజునే తెచ్చింది. అది మంచి పొగరుబోతు పుంజు, దొరల పోలీసుకంటే ఎక్కువ టెక్కున్నది. ఆమె దాన్ని మొద్దు మీద ఒత్తిపట్టి కత్తి ఎత్తింది.

తోసెంగ్ కళ్ళం చివర, ఎండుమొగ్గల చేటల పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె చేతి నరాలు కనబడుతున్నాయి. ఆ చెయ్యి తనకి గంజి పోసిన చెయ్యి. ఆమె నిర్దోషి, కోడి చస్తే ఆమెకేమీ కాదు, ఊరు నమ్మేస్తుంది, తనూ బతికిపోతాడు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు.

ఆ క్షణం వాడికి కొండంత బరువైంది.

“నేనేశాను,” అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అరిచాడు. “నేనేశాన్రా! ముద్రలు నేనేశాను! ఏరు దాటలేదు. పాయసం కొట్లో కూచుని వేశాను. అత్తకేం తెలీదు!”

బోంగ్‌ఛీ పట్టు సడలింది. పుంజు ఎగిరి మాస్టారి నెత్తి మీదుగా పారిపోయింది. ఇంకో రోజైతే ఊరంతా నవ్వేది.

తర్వాత పావుగంట ఏం జరిగిందో తోసెంగ్‌కి తెలియదు. టోపీ ఎగిరిపోయింది, పెదవి చిట్లింది. “ఏట్లో తొయ్యండి వీణ్ణి, బూట్లు తడుస్తాయి!” అని ఎవరో అరవడం మాత్రం గుర్తు. మాస్టారు అడ్డుపడ్డాడు. వాణ్ణి కొట్టే చేతుల్ని పట్టుకోబోయి ఆయనా రెండు తిన్నాడు.

“చేతులు వీడివే!” అని అరిచాడు మాస్టారు. “కాదనను. కానీ ఆ చేతుల మీద కర్ర ఎవరిది? వరదొచ్చినా ఉత్తరం చేరాలన్నది ఎవరు? ఇరవై రోజులే గడువని గీత గీసింది ఎవరు? వీడు జీతానికి పనిచేసే కూలివాడు. వీణ్ణి చంపితే కురోకికి ఒక సాక్షి తగ్గుతాడు, అంతే!”

“కర్ర సంగతి తర్వాత మాస్టారూ, చేతుల సంగతి ముందు తేలాలి,” అంది బోంగ్‌ఛీ. గొంతు చాలా చల్లగా ఉంది. తోసెంగ్ దగ్గరకొచ్చి చెయ్యి చాపింది. “నాది నాకిచ్చెయ్.”

వాడు దండ విప్పాడు. ముడి రాలేదు. ఆమే పళ్ళతో తెంపింది. తన ముద్ర వెతుక్కుని తీసుకుంది. ఆ వెనక ఒక్కొక్కరే వచ్చారు. కొందరు తిట్టి తీసుకున్నారు, కొందరు ఉమ్మి తీసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ఉత్తరం పుచ్చుకునే అలవాటు కొద్దీ “శ్రమ ఇచ్చాం నాయనా,” అన్నాడు. అన్ని దెబ్బల్లోకీ ఆ మాటే గట్టిగా తగిలింది. చివరికి చేతిలో ఉత్త తాడు మిగిలింది.

“ఇప్పుడు వినండి,” అన్నాడు మాస్టారు. “నోటీసు మన చేతికి అందిన రోజే లెక్క. ముద్ర మనం వెయ్యలేదు కాబట్టి నాలుగో తారీకు చెల్లదు. పదిహేను నుంచి లెక్కిస్తే ఇంకా అయిదు రోజులుంది. అయితే కురోకి పేరు ఎల్లుండి పట్టాలో ఎక్కుతోంది. రేపే మన అభ్యంతరం టపాలో పడాలి.”

“కిటికీ దగ్గరికి పోతే తరిమేశాడుగా?”

“అందుకే కిటికీ వద్దు. మూడు ప్రతుల ఉత్తరం ఉంది. ఒకటే మాట మూడుసార్లు రాయాలి. ఒకటి కచేరీకి పోతుంది, ఒకటి పోస్టాఫీసులో ఉంటుంది, ఒకటి మన చేతికొస్తుంది, మూడింటి మీదా తేదీ ముద్రతో. అందలేదనడానికి ఎవడబ్బ తరమూ కాదు. దొరలు అప్పులవాళ్ళని బెదిరించడానికి పెట్టుకున్న పద్ధతి అది. ఇల్లిల్లూ విడిగా పంపాలి. పంపేవాడు ముద్ర పట్టుకుని స్వయంగా నిలబడాలి.”

“రేటెంత?”

మాస్టారు చెప్పాడు. మామూలు ఉత్తరం ఖరీదుకి పది రెట్లు. అప్పుడు మొదటిసారిగా మగాళ్ళకంటే ముందు ఆడాళ్ళు కదిలారు. చెవుల వెండి తీసి చేటలో వేశారు. బోంగ్‌ఛీ పారిపోయిన పుంజుని పట్టుకొచ్చి, కాళ్ళు కట్టి, చేటలో పడేసింది. “దేవుడికి పనికి రాలేదు, పోస్టాఫీసుకైనా పనికొస్తుంది,” అంది.

మర్నాడు పొద్దున పోస్టాఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద నలభై మూడు ఇళ్ళవాళ్ళు, వెదురు టోపీలు వరసగా. బల్లకి అవతలి పక్క తోసెంగ్, చిట్లిన పెదవితో, ఎప్పటిలా సంచులు సర్దుతూ. ఉద్యోగి కదా, రావాల్సిందే. హిరాయామా దొర వాడి మొహం చూసి “ఏమిటది?” అన్నాడు. “పడ్డాను,” అన్నాడు తోసెంగ్. అది ఒకరకంగా నిజమే.

హిరాయామా చెడ్డవాడని నేననను. నియమాల పుస్తకం వాడికి దేవుడు. కాకపోతే ఆ దేవుడు పేదవాడి వైపు చూస్తాడని వాడికి ఎన్నడూ తోచలేదు. స్కేలు తీసి మొదటి ఉత్తరం కొలిచాడు. “వరసకి ఇరవై అక్షరాలు దాటకూడదు. ఇక్కడ ఇరవై ఒకటి. చెల్లదు.” వెనక్కి విసిరాడు. రెండోది: “కొట్టివేత మీద ముద్ర లేదు. చెల్లదు.” మూడోది: “మూడో ప్రతిలో ఒక చుక్క తక్కువ.”

జనం నేల మీదే కూర్చున్నారు. మాస్టారూ, ఆయన దగ్గర చదువుకున్న నలుగురు కుర్రాళ్ళూ మళ్ళీ రాయడం మొదలెట్టారు. ఆడాళ్ళకి చదువు రాదు. బోంగ్‌ఛీ కొంగులోని వేరుశెనగపప్పు తీసింది. “చదవడం రాకపోతేనేం, లెక్కపెట్టడం రాదా?” అని ఒక్కో అక్షరం పక్కన ఒక్కో గింజ పెట్టింది. ఇరవై గింజలు ఒక గుప్పెడు. గింజలు చాలకపోతే వరస పొడుగైనట్టు, ప్రతికీ ప్రతికీ తేడా వస్తే అక్షరం జారినట్టు. అందరూ పట్టుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఒక్క అక్షరం తెలియని ముసలమ్మలు, బడి మెట్లెక్కని ముసలమ్మలు, రాసే కుర్రాళ్ళ తప్పులు పడుతున్నారు. “ఒరే, ఏడో వరస బలిసింది, చూసుకో!”

హిరాయామా ఇక తప్పులు పట్టలేకపోయాడు. తేదీ ముద్ర ఒకటి పడింది. రెండు. పది. ప్రతి దానికీ మూడు ప్రతులూ అక్షరం అక్షరం పోల్చాలి కదా, వాడి నుదుట చెమట. గడియారం నాలుగుకి దగ్గర పడింది. ఇంకా పదిహేడు మిగిలాయి.

“నాలుగు గంటలు. మూసేస్తున్నా!”

“దొరా, మీ గోడ మీదే ఉంది, ఏడో నియమం,” అన్నాడు మాస్టారు. “తలుపు మూసేసరికి లోపలున్నవాళ్ళ పని ముగించాలి.”

ఆ మాట పూర్తి కాకుండానే మెట్ల మీదివాళ్ళంతా లోపలికి తోసుకొచ్చారు. అది పదిమంది పట్టే గది. ఎంత కిక్కిరిసిందంటే గోడ మీది బల్లులు ఊపిరాడక కిటికీలోంచి బయటికి దూకాయి. కబురందుకుని వచ్చిన పోలీసు దొర లోపలికి అడుగు పెట్టడానికి చోటు లేక గుమ్మంలో కత్తి ఒరతో తలుపు బాదుతూ నిలబడిపోయాడు.

“తోసెంగ్!” హిరాయామా గొంతు చీలింది. “ఇలా రా. ఈ ముద్రలు, నీ రసీదుల మీది ముద్రలు ఒకటేనా?”

“ఒకటే.”

“అయితే నాలుగో తారీకున వేసింది వీళ్ళే. రాయి. నువ్వు స్వయంగా చేతికిచ్చానని రాయి. ఇవన్నీ తప్పుడు ఆరోపణలని కట్టి పక్కన పడేస్తాను.” కలం వాడి చేతిలో పెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతూ, “నీ పేరు గోడ మీదుంది. అది గుర్తుంచుకో,” అన్నాడు.

తోసెంగ్ జనాన్ని చూశాడు. ఎవరైనా తిట్టి ఉంటే తేలికయ్యేది. కలం కింద పెట్టాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల కింద నుంచి దూరి ఇవతలికొచ్చి వరస చివర నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి ఇక కదల్లేదు. పదిహేడు ఉత్తరాలు అయ్యేదాకా, గంటన్నర. వంతు రాగానే చొక్కాలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లవారుజామున తనే కూర్చుని రాసుకున్నవి. భూముల కచేరీకి: ‘ఫలానా నలభై మూడు రసీదుల మీద ముద్రలు ఇంటివాళ్ళు వేయలేదు. నేను వేశాను. ఉత్తరాలు పదిహేనున చేరాయి. టపా ఉద్యోగి, ఖూ తోసెంగ్.’

హిరాయామా చదివాడు. మొహం సున్నం గోడలా అయింది. “ఇది... నేను తీసుకోను.”

“ఎందుకు?” అన్నాడు మాస్టారు. “లోపలి సంగతి ఒప్పుకోమని ఎవరడిగారు? మూడూ ఒకటేనా కాదా, అదే మీ పని. తీసుకోకపోతే కారణం రాసివ్వండి.”

“కారణం రాసివ్వండి!” అన్నారు వెనక ఆడాళ్ళు. “మూడు ప్రతుల్లో!”

“వరసకి ఇరవై అక్షరాల్లో!”

తోసెంగ్ తలెత్తాడు. ఆరేళ్ళలో మొదటిసారి ఆ దొర కళ్ళలోకి చూశాడు. “కారణమే రాయండి దొరా. సాకు రాయకండి.”

హిరాయామా స్కేలు పెట్టి కొలిచాడు. వరసకి ఇరవై. చుక్క తేడా లేదు. దేవుడి పుస్తకం దేవుడి పుస్తకమే. తేదీ ముద్ర ఎత్తాడు. పడింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నలభై నాలుగో ఉత్తరం సంచిలోకి పోయింది. తేదీ ముద్ర పడి సంచిలో చేరిన ఉత్తరాన్ని ఆ పోస్టాఫీసులో ఇక ఎవరూ వెనక్కి తియ్యలేరు.

పోలీసు దొర అప్పుడు తోసెంగ్ చేతుల్ని వెనక్కి విరిచి కట్టాడు. టపా రికార్డులు తారుమారు చేసిన నేరం. మెట్లు దింపుతుంటే బోంగ్‌ఛీ జనాన్ని తోసుకొచ్చి, కొంగులోంచి ఒక ఉడికిన చిలగడదుంప తీసి వాడి నోటికందించింది. “తిను. ఠాణాలో పెట్టరు,” అంది. వాడు ఏడుస్తూ నమిలాడు.

ఠాణా రెండు మైళ్ళు. నలభై మూడు ఇళ్ళవాళ్ళూ వెనకే నడిచారు. దారిలో చెరుకుతోటల్లోంచి కూలీలు వచ్చి కలిశారు. వాళ్ళలో బోంగ్‌ఛీ పొద మీద కత్తి వేసినవాడు కూడా ఉన్నాడు, తలొంచుకుని. ఠాణా ముందు అందరూ రోడ్డు మీదే కూర్చున్నారు. మూడు రోజులు లేవలేదు. లాఠీలు విరిగాయి, మాస్టారి చెయ్యి విరిగింది, పదకొండుమందిని లోపలేశారు. ఖాళీ అయిన చోట్లో పై ఊళ్ళవాళ్ళొచ్చి కూర్చున్నారు. కచేరీ నలభై నాలుగు ఉత్తరాలు అందలేదని అనలేకపోయింది. కురోకి పేరు ఆ ఎల్లుండి పట్టా ఎక్కలేదు. ఆ వారంలోనే ఏటి రెండు వైపులా తొమ్మిది ఊళ్ళలో జనం టపావాళ్ళ దగ్గర, ఊరిపెద్దల దగ్గర, షావుకార్ల దగ్గర దాచిన తమ ముద్రల్ని వెనక్కి అడిగారు. ఇవ్వననేవాడి గడప ముందు కూర్చున్నారు. అసలు పోరాటం అక్కడ మొదలైంది. తోసెంగ్‌కి పద్నాలుగు నెలలు పడింది.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి. కథ చెప్పేవాడికి చెయ్యి ఊరుకోదు. ఎక్కడో ఒకచోట తీపి కలుపుతుంది. బల్లులు దూకడం అతిశయం, అది మీరు ఎలాగూ నమ్మి ఉండరు. కానీ ఆ చిలగడదుంప కూడా నేను కల్పించిందే. బోంగ్‌ఛీ ఏమీ ఇవ్వలేదు. మెట్లు దిగుతూ తోసెంగ్ ఆమె వైపు చూశాడు. ఆమె చూడలేదు. ఆ రెండు మైళ్ళూ అందరికంటే ముందు నడిచింది ఆమె. “వాణ్ణి వదలండి!” అని ఠాణా ముందు మొదట అరిచిందీ ఆమే. మూడో రోజున ఎవరో అడిగారు, “క్షమించేశావా అత్తా వాణ్ణి?” అని.

“ముందు బయటికి రానియ్యరా,” అంది బోంగ్‌ఛీ. “వాణ్ణి తిట్టాల్సింది ఇంకా మొదలే పెట్టలేదు.”

ఈ మాట మాత్రం ఆమెదే.